పెరటి బెర్రీలతో ఇంట్లో పండ్ల లిక్యూర్ చేసుకోవడం ఎలా

పండు, మద్యం, చక్కెర. పండ్ల లిక్యూర్‌కు కావలసినవి ఈ మూడే. బట్టీ పెట్టి కాచే పని లేదు, పులియబెట్టే పని లేదు. తయారైన మద్యంలో పండును ఊరబెట్టి, రుచి దిగాక వడకట్టి, తీపి కలుపుతాం. పని ఇంత తేలికైనా చాలా సీసాలు నీళ్లనీళ్లగానో, చేదుగానో, ముద్దకట్టో పాడవుతుంటాయి. పండులో ఎంత నీరుందో లెక్క వేసుకోకపోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. బెర్రీల బరువులో దాదాపు 85 శాతం నీరే. స్ట్రాబెర్రీలో అది 90 శాతం దాటుతుంది. ఊరే కొద్దీ ఆ నీరు మద్యంలోకి వస్తుంది, మద్యం పండులోకి పోతుంది. రెండూ సర్దుకునేసరికి సీసా మీద రాసి ఉన్న 40 శాతం ఆల్కహాల్ ఎక్కడా మిగలదు.

పండు కోసే ముందే లెక్క

అర కిలో బెర్రీలు, 40 శాతం వోడ్కా 750 మి.లీ. తీసుకున్నారనుకోండి. ఆ వోడ్కాలో అసలు ఆల్కహాల్ 300 మి.లీ. పండ్ల నుంచి వచ్చే నీరు సుమారు 425 మి.లీ. మొత్తం ద్రవం 1,175 మి.లీ. అంటే బలం 25.5 శాతం. దానికి చక్కెర పాకం కలిపితే 21 శాతం దగ్గర ఆగుతుంది. ఇది సరైన చోటు. గొంతు మండదు, సీసా నిల్వ ఉంటుంది.

అదే వోడ్కాలో కిలో బెర్రీలు వేస్తే రుచి రెట్టింపు అవుతుందని చాలామంది అనుకుంటారు. 300 మి.లీ. ఆల్కహాల్ ఇప్పుడు 1,600 మి.లీ. ద్రవంలో పరుచుకుంటుంది. బలం 19 శాతానికి తగ్గుతుంది, పాకం కలిపాక 16 లోపు. తీపిని పులియబెట్టే ఈస్ట్‌లలో గట్టి రకాలు 15 నుంచి 18 శాతం ఆల్కహాల్ దాకా తట్టుకుంటాయి. తీపి ఉన్న చోట వాటికి మేతా దొరుకుతుంది. అందుకే ఇంట్లో చేసే లిక్యూర్ చివరి బలం 20 శాతానికి తగ్గనివ్వకండి.

పండు ఎక్కువ వేయాలనుంటే మద్యం బలం పెంచండి. 50 శాతం మద్యం 750 మి.లీ.కి 700 గ్రాముల బెర్రీలు వేసినా, తీపి కలిపాక 23 శాతం నిలుస్తుంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం లిక్యూర్‌లో కనీసం 15 శాతం ఆల్కహాల్, సాధారణంగా లీటరుకు కనీసం 100 గ్రాముల చక్కెర ఉండాలి. ఆ 15 శాతం చూసి ఇంట్లోనూ అంతే చాలనుకోవద్దు. ఫ్యాక్టరీలో ఉండే వడపోత, శుభ్రత వంటింట్లో సాధ్యం కావు.

ఏ మద్యం వాడాలి, ఏది ముట్టకూడదు

మొదటిసారి చేసేవారికి వాసన లేని వోడ్కా మంచిది. పండు రుచి పండు రుచిగానే తెలుస్తుంది. బ్లాక్‌బెర్రీకి జిన్ బాగా కలుస్తుంది, స్ట్రాబెర్రీకి తెల్ల రమ్, బ్లాక్‌కరెంట్‌కు బ్రాందీ. మరీ ఖరీదైనది అక్కర్లేదు. కానీ ఒక్క గుక్క విడిగా తాగితే గొంతు గీరే మద్యం పండు పడ్డాక మంచిదైపోదు. తీపి ఆ కరుకుదనాన్ని కొంత కప్పుతుంది గానీ తీసేయదు.

95 శాతం ఉండే తాగదగిన న్యూట్రల్ ఆల్కహాల్ దొరికితే దాన్ని నేరుగా పండు మీద పోయకండి. అంత బలంలో పండు బిరుసెక్కుతుంది, జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ ముద్దగా విడిపోతుంది, నీటిలో కరిగే రుచులు సరిగా దిగవు. 50 నుంచి 60 శాతం మధ్య ఉంటే రంగు, వాసన, పులుపు అన్నీ వస్తాయి. 500 మి.లీ. 95 శాతం ఆల్కహాల్‌కు సుమారు 475 మి.లీ. చల్లని తాగునీరు కలిపితే 50 శాతం దగ్గరికి వస్తుంది. రెండూ కలిశాక ఘనపరిమాణం కాస్త కుంచించుకుపోతుంది, కొలతలో తప్పు పోయిందేమోనని కంగారు పడకండి. ఈ పని పొయ్యి వెలుగుతున్న గదిలో చేయవద్దు. ఆ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

సర్జికల్ స్పిరిట్, మిథిలేటెడ్ స్పిరిట్, శానిటైజర్, ఊరూ పేరూ తెలియని సారా వీటి జోలికి ఎట్టి పరిస్థితిలోనూ పోకండి. మిథనాల్ కొద్దిగా ఉన్నా చూపు పోతుంది, ప్రాణం పోతుంది. నానబెట్టినా, వడకట్టినా, చక్కెర కలిపినా అది విరగదు. సీలు ఉన్న సీసా, మీద బలం ముద్రించి ఉన్నదే కొనండి. ఇంట్లో మద్యం ఊరబెట్టుకోవడం మీద మీరుండే చోట చట్టం ఏమంటుందో ముందే చూసుకోండి. అమ్మాలంటే దాదాపు ఎక్కడైనా లైసెన్సు కావాలి.

పండు

పూర్తిగా మాగిన పండునే కోయండి. దోరకాయలు పులుపుకి, వగరుకి తప్ప దేనికీ పనికిరావు. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు, వాన పడని రోజు కోస్తే వాసన నిలుస్తుంది. వాన తర్వాత కోసిన పండు నీరు తాగి చప్పగా ఉంటుంది. బూజు పట్టిన పండు ఒక్కటి ఉన్నా తీసి పారేయండి. ఆల్కహాల్ బూజును చంపుతుందేమో గానీ దాని ముక్క వాసనను పోగొట్టదు. నలిగిన పండు మాత్రం, అదే రోజు వాడితే, నిక్షేపంగా పనికొస్తుంది.

పేరు ఖాయంగా తెలియని కంచె పండ్లు, అడవి పండ్లు వేయకండి. ఎల్డర్‌బెర్రీ పచ్చిగా వేయకూడదు. దాని కాడల్లో, ఆకుల్లో, పచ్చి కాయల్లో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి, ఉడికించాకే వాడాలి. చెర్రీ, ప్లమ్ లాంటి టెంక పండ్లు కలపాలనుకుంటే టెంక తీసేయండి. అది పగిలితే అదే గొడవ.

కడగడం క్షణాల్లో అయిపోవాలి. జల్లెడలో వేసి చల్లని నీళ్లు ఒక్కసారి పోసి, బట్ట మీద పరిచి ఆరబెట్టండి. నీళ్లలో నానితే రాస్ప్‌బెర్రీ చేతిలోనే కరిగిపోతుంది. ముచ్చికలు, కాడలు కడిగాకే తీయాలి. ముందే తీస్తే ఆ చిల్లిలోంచి నీరు లోపలికి పోతుంది.

ఇప్పుడు పండును ఒక రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. చాలామంది వదిలేసే మెట్టు ఇది. గడ్డకట్టినప్పుడు మంచు పలుకులు పండు కణాల గోడలను చీలుస్తాయి, కరిగేటప్పుడు రసం తనంతట తానే బయటికి వస్తుంది. చేత్తో చిదిమితే గింజలు కూడా నలిగి చేదు దిగుతుంది, గుజ్జు చెదిరి లిక్యూర్ మసకబారుతుంది. ఫ్రీజర్‌తో ఆ రెండు ఇబ్బందులూ ఉండవు. తోటలో ఒకేసారి అర కిలో పండవు కాబట్టి, రోజూ కోసిన గుప్పెడు పండ్లను ఫ్రీజర్‌లో కూడబెట్టుకోవడానికీ ఇదే దారి.

ఊరబెట్టడం

ఒకటిన్నర లీటరు వెడల్పు మూతి గాజు సీసా తీసుకోండి. వేడి సబ్బునీళ్లతో కడిగి, ఓవెన్‌లో 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నిమిషాలు ఉంచండి, లేదా చల్లటి నీళ్లలో ఉంచి మెల్లగా మరగనివ్వండి. మూతకున్న రబ్బరు వాషర్‌ను విడిగా వేడినీళ్లలో ముంచితే చాలు. అల్యూమినియం, రాగి, ఇనుప గిన్నెలు వాడవద్దు. బెర్రీల పులుపు వాటిని తింటుంది, రంగు నీలంగానో బూడిదగానో మారుతుంది. ప్లాస్టిక్ డబ్బా వద్దు. గాజు, స్టీలు ఈ రెండే.

1. ఫ్రీజర్ నుంచి తీసిన 500 గ్రాముల పండ్లు సీసాలో వేయండి. అడుగున కారిన రసం కూడా వేయాల్సిందే.

2. 750 మి.లీ. వోడ్కా పోయండి. పండ్లన్నీ మునగాలి. తేలిన పండు గాలికి గోధుమరంగుకు మారుతుంది, బూజు కూడా అక్కడే మొదలవుతుంది. మునగకపోతే ఇంకో 50 మి.లీ. పోయండి, లేదా చిన్న సీసాకు మార్చండి.

3. పండు పేరు, బరువు, మద్యం పేరు, బలం, తేదీ రాసి అంటించండి. మూడు సీసాలు పక్కపక్కన చేరాక ఏది ఏదో గుర్తుండదు.

4. చీకటి అల్మరాలో, మామూలు గది చల్లదనంలో పెట్టండి. మొదటి వారం రోజుకోసారి, తర్వాత వారానికి రెండుసార్లు సీసాను అటూ ఇటూ వంచండి. గట్టిగా గిలకరిస్తే పండు చితుకుతుంది.

చక్కెర ఇప్పుడే వేయాలా అన్నదాని మీద రెండు పద్ధతులున్నాయి. ముందే వేస్తే అది పండులోని రసాన్ని లాగుతుంది, రంగు త్వరగా వస్తుంది. కానీ పండు ఎంత తీపిగా దిగుతుందో తెలియకముందే తీపి ఖాయమైపోతుంది, తర్వాత వెనక్కి తీయలేరు. చక్కెర ఆల్కహాల్‌లో నిదానంగా కరుగుతుంది కాబట్టి అడుగున గట్టిపడి, రోజూ తిప్పాల్సి వస్తుంది. చివర్లో కలపడమే మేలు. జర్మనీలో చేసే రుమ్‌టోప్ఫ్ లాంటి వాటికి ముందే వేయడం సరే. అక్కడ 54 శాతం రమ్ పోసి, పండు బరువులో సగం చక్కెరతో, కాపుకొచ్చిన పండును వచ్చినట్టు ఒక్కో పొరగా నెలల తరబడి చేర్చుకుంటూ పోతారు. తాగడం ఎంత ముఖ్యమో పండును తినడమూ అంతే ముఖ్యం దానికి.

ఎన్నాళ్లు?

పండును బట్టి ఉంటుంది. ఇక్కడ ఓపిక ఎక్కువైనా నష్టమే.

స్ట్రాబెర్రీ 4 నుంచి 7 రోజులు. పండు తెల్లబడి పాలిపోయిందంటే ఇవ్వాల్సిందంతా ఇచ్చేసింది, ఆ రోజే వడకట్టండి. ఇంకా ఉంచితే పైనున్న గింజల నుంచి చేదు, పాత జామ్ వాసన వస్తాయి. సగానికి కోసి వేయాలి. అర వెనిలా కాయ వేస్తే బాగుంటుంది.

రాస్ప్‌బెర్రీ 7 నుంచి 10 రోజులు. దీని వాసన మొదటి మూడు రోజుల్లోనే దిగిపోతుంది, మిగతాదంతా రంగు, పులుపు. రెండు వారాలు దాటితే గింజల వగరు మొదలవుతుంది.

మల్బరీ 3 వారాలు. రంగు సిరాలా ఉంటుంది గానీ పులుపు తక్కువ. లీటరుకు రెండు పెద్ద చెంచాల నిమ్మరసం పడకపోతే తీపి నీళ్లలా చప్పగా అనిపిస్తుంది. పచ్చటి కాడలను కత్తెరతో తీయండి, వదిలేస్తే పచ్చి గడ్డి వాసన వస్తుంది.

బ్లాక్‌బెర్రీ 3 నుంచి 4 వారాలు. మొదటిసారి చేసేవారికి ఇది అన్నింటికన్నా తేలిక. ఒక లవంగం, చిన్న నిమ్మతొక్క ముక్క వేసుకోవచ్చు. తొక్క లోపలి తెల్లభాగం పూర్తిగా తీసేయాలి, అందులో చేదు ఉంటుంది.

బ్లూబెర్రీ 4 నుంచి 6 వారాలు. తొక్క గట్టిది, ఫ్రీజర్ ఒక్కటే చాలదు. స్టీలు చెంచాతో పగిలేంత మాత్రం నొక్కండి.

బ్లాక్‌కరెంట్ 2 నుంచి 3 నెలలు. వగరు, పులుపు, పెక్టిన్ మూడూ ఎక్కువ. వాసన కోసం ఆ చెట్టు ఆకులు నాలుగైదు వేసే అలవాటుంది. తీపి కూడా గట్టిగా పడాలి: యూరోపియన్ యూనియన్‌లో క్రెమ్ ద కసిస్ పేరుతో అమ్మే బ్లాక్‌కరెంట్ లిక్యూర్‌లో లీటరుకు 400 గ్రాముల చక్కెరైనా ఉండాలి.

మసాలా ఏది వేసినా దారంతో కట్టి వేయండి. లవంగం, దాల్చినచెక్క మూడు రోజులకే చాలు. వాటిని తీయడం మర్చిపోతే పండు పక్కకుపోయి కషాయం మిగులుతుంది.

వడకట్టడం

ముందు స్టీలు జల్లెడ, తర్వాత వేడినీళ్లలో ముంచి పిండిన పల్చని నూలు బట్ట. బట్టలో పండును మూటకట్టి పిండకండి. ఆ కాస్త రసం కోసం గుజ్జు, పెక్టిన్ అంతా లోపలికి వస్తుంది, ఆ మసక తర్వాత వారాల తరబడి వదలదు. రెండు గంటలు దానంతట అది కారనివ్వండి. సుమారు లీటరు వస్తుంది. పండ్లను పారేయవద్దు, వాటి పని ఇంకా ఉంది.

వచ్చిన ద్రవాన్ని ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగున చేరుతుంది. పైతేటను సన్నని గొట్టంతోనో నెమ్మదిగా వంచో తీసి, ఆఖరున కాఫీ ఫిల్టర్ కాగితం గుండా పోయండి. కాగితం త్వరగా మూసుకుపోతుంది. రెండు మూడు మార్చాల్సి రావడం మామూలే, దాన్ని చెంచాతో గోకితే చిరుగుతుంది.

తీపి కట్టడం

200 గ్రాముల చక్కెరకు 100 మి.లీ. నీళ్లు పోసి, కరిగేదాకా మాత్రమే వేడి చేయండి. సుమారు 225 మి.లీ. పాకం వస్తుంది. పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి పాకం పోస్తే ఆల్కహాల్‌తో పాటు పండు వాసన కూడా ఆవిరైపోతుంది, ముఖ్యంగా రాస్ప్‌బెర్రీకి.

పాకం మొత్తం ఒకేసారి కుమ్మరించకండి. నాలుగు గ్లాసుల్లో తలా 50 మి.లీ. లిక్యూర్ పోసి, ఒకదానిలో 5, ఒకదానిలో 8, తర్వాత 10, 13 మి.లీ. పాకం కలిపి రుచి చూడండి. 10 మి.లీ. నచ్చితే లీటరుకు 200 మి.లీ. అన్నమాట. దాంతో తీపి లీటరుకు 150 గ్రాములకు దగ్గరగా, బలం 21 శాతం దగ్గర ఉంటుంది. చల్లగా తాగేవారు ఆ గ్లాసులను కూడా చల్లబరిచి చూడాలి, చల్లదనంలో తీపి తక్కువ తెలుస్తుంది. చప్పగా అనిపిస్తే ఇంకా తీపి పోయకముందు పులుపు ప్రయత్నించండి. లీటరుకు ఒక గ్రాము సిట్రిక్ ఆమ్లం, లేదా ఒక పెద్ద చెంచా వడకట్టిన నిమ్మరసం చాలు. బెర్రీల ఎరుపు పులుపులోనే కళగా ఉంటుంది కాబట్టి రంగు కూడా తేలుతుంది.

తేనె వాడితే వాసన బాగుంటుంది గానీ, అందులోని ప్రొటీన్లు మసక తెస్తాయి. తేరుకోవడానికి ఇంకో నెల పెట్టుకోండి.

ఆల్కహాల్ మీటరుతో బలం కొలవాలని చూడకండి. చక్కెర ద్రవం సాంద్రతను పెంచుతుంది, మీటరు తక్కువ చూపిస్తుంది. పైన చేసిన భాగహారమే నమ్మదగినది.

సీసాల్లో పోసి, మాగనివ్వడం

శుభ్రం చేసిన సీసాలో మెడ దాకా పోయండి, పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీ చాలు. ఎక్కువ గాలి ఉంటే రంగు మాడుతుంది. కనీసం ఆరు వారాలు, వీలైతే మూడు నెలలు చీకట్లో వదిలేయండి. అప్పటికి ఆల్కహాల్ విడిగా, తీపి విడిగా, పండు విడిగా తోచడం పోతుంది. బ్లాక్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్ ఏడాది దాకా మెరుగవుతూనే ఉంటాయి. స్ట్రాబెర్రీ మాత్రం అంతకాలం ఆగదు. వెలుతురు తగలకపోయినా కొన్ని నెలల్లో ఎరుపు ఇటుకరంగుకు తిరుగుతుంది. దాన్ని ఆరు నెలల్లోపు తాగేయాలి. మూత తీసిన సీసా ఏదైనా ఫ్రిజ్‌లోనే.

తేడా వస్తే

జెల్లీలా ముద్దకట్టింది. పెక్టిన్ పని ఇది. బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీలతో ఎక్కువ. పెక్టిన్‌ను విరిచే పెక్టినేజ్ ఎంజైమ్‌ను ప్యాకెట్ మీది కొలతలో, మద్యం పోయకముందే, నలిపిన పండులో కలిపి కొన్ని గంటలు ఉంచాలి. ఆల్కహాల్ పడ్డాక అది సరిగా పనిచేయదు. ఇప్పటికే ముద్దకట్టి ఉంటే గుడ్డలో వేలాడదీసి కారనివ్వడమే దారి. నష్టం ఉంటుంది, రుచి బాగానే ఉంటుంది.

బుడగలు వస్తున్నాయి, మూత తీస్తే బుస్సుమంటోంది. పులుస్తోంది, బలం తగ్గిందన్న మాట. బిగించి ఉంచితే సీసా పగలొచ్చు. మూత వదులు చేసి ఫ్రిజ్‌లో పెట్టి మద్యం కలపండి. 16 శాతం ఉన్న లీటరును 20కి తేవాలంటే 40 శాతం వోడ్కా 200 మి.లీ., లేదా 50 శాతం మద్యం 135 మి.లీ. కావాలి. పుల్లటి వెనిగర్ వాసన అప్పటికే వచ్చేస్తే దాన్ని కాపాడలేరు.

చేదు, వగరు. ఎక్కువ రోజులు ఊరింది, లేక గింజలు నలిగాయి. అదే పండుతో తక్కువ రోజులు ఊరబెట్టిన కొత్త లిక్యూర్‌ను సగానికి సగం కలిపి నెల ఉంచండి. తీపి పెంచితే వగరు తగ్గుతుంది, చేదు అంతగా తగ్గదు.

ఘాటుగా గొంతు మండుతోంది. ఏమీ కలపకుండా రెండు నెలలు ఆగండి. చాలావరకు అదే సర్దుకుంటుంది.

పైన బూజు తేలింది. పారబోయండి. పైపైన తీసి వాడుకోవద్దు.

ఊరిన పండ్లు

వడకట్టగా మిగిలిన పండ్లలో బోలెడంత లిక్యూర్ పట్టి ఉంటుంది. వాటి మీద 120 గ్రాముల చక్కెర చల్లి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రోజూ తిప్పండి. నాలుగైదు రోజుల్లో చక్కెర ఆ రసాన్ని బయటికి లాగుతుంది, మొదటిదానికన్నా చిక్కని పాకంలాంటి ద్రవం వస్తుంది. మామూలు పాకం బదులు దీన్నే లిక్యూర్‌లో కలిపితే నీరు చేరకుండా తీపి పెరుగుతుంది, బలం అంతగా పడిపోదు. అందుకే ఈ పని ముందు చేసి, తీపి కట్టడం ఆ తర్వాత పెట్టుకోవడం మంచిది. స్ట్రాబెర్రీ అప్పటికి పీచుగా మిగులుతుంది, బ్లాక్‌బెర్రీ, బ్లూబెర్రీలను ఐస్‌క్రీమ్ మీద వేసుకోవచ్చు. ఆ పండ్లలో మద్యం అలాగే ఉంటుంది కాబట్టి డబ్బా మీద ఆ సంగతి పెద్దక్షరాలతో రాసి, పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా పై అరలో పెట్టండి.